యంత్రనేత్రపు రెప్పపాటు

అయ్యలారా, పటాన్‌చెరువు దాటి సంగారెడ్డికి బోవు రాజమార్గమున ముత్తంగి యున్నది. దాని చుట్టుప్రక్కల, పాశమైలారము వఱకును, కర్మాగారములే. మీ యిండ్ల పిల్లలు కొందఱు వానిలో బనిచేయుచుందురు. ఇట్టి చోట్ల సరకును బరీక్షించు పని నేడు తఱచుగా కెమెరాకు అప్పగింపబడుచున్నది. దాని తీర్పునుబట్టి కూలివాని జీతము కోతపడునప్పుడు, అది యెట్లు చూచునో మనమును దెలిసికొనవలదా?

అమరకోశము 18 నిమేషములు కాష్ఠ యనినది. 30 కాష్ఠలు కల, 30 కలలు క్షణము, 12 క్షణములు ముహూర్తము, 30 ముహూర్తములు అహోరాత్రము. ఈ లెక్కను గడియారమునకు దింపినచో నిమేషము సెకనులో సుమారు 67వ వంతు. మనకది రెప్పపాటే. కాని సెకనుకు 1 మీటరు చొప్పున సాగు బెల్టుమీది సీసా ఆ రెప్పపాటులో ఒకటిన్నర సెంటీమీటరు జరిగిపోవును! కెమెరా అంతసేపు కన్ను తెఱచినచో చీటీమీది అక్షరములు అలికిన ముగ్గగును. సెకనులో 10,000వ వంతు మాత్రమే తెఱచినచో జరుగునది మిల్లీమీటరులో పదవ వంతు. అంత కొద్దిలో వెలుతురు చాలవలెను గనుక మెఱపువంటి దీపము వెలిగింతురు.

ఇంతటితో దీరలేదు. కెమెరా లోపల వెలుతురును గ్రహించు సెన్సారు అను బిళ్లపై సూక్ష్మమైన గదులు వరుసలుగా నుండును. చవుకరకమున నవి యొక్కసారిగా దెఱచుకొనవు; బంతిలో విస్తరి తరువాత విస్తరికి వడ్డించినట్లు, పైవరుస మొదట, క్రిందివరుస పిమ్మట. దీనిని రోలింగ్ షట్టర్ అందురు. వరుసకు వరుసకు సెకనులో లక్షవ వంతే యెడమనుకొనుడు. 1,000 వరుసలకు కడపటిది సెకనులో నూఱవ వంతు వెనుకబడును. ఆలోపల సీసా సెంటీమీటరు నడచును. నిటారుగా నున్నది చిత్రములో ఒరిగిపోవును.

నాయొద్ద జదువుకొన్న యొకడు చీటీలు వంకరగా నంటించుచున్నాడని యొక కర్మాగారమువారు అతని కూలి తగ్గించిరి. అతడు బెల్టు నాపించి అదే సీసాను కెమెరాకు జూపగా చిత్రము నిటారుగా వచ్చినది. నింద తొలగినది, కోసిన కూలి మాత్రము రాలేదు.

గ్లోబల్ షట్టర్ అను రకమున వరుసలన్నియు నేకకాలమున దెఱచుకొని యేకకాలమున మూసికొనును. పడిన వెలుతురు విద్యుత్తుగా మాఱి, చదువబడునంతవఱకు ప్రతి గదిలోను మఱుగున నిలుచును. ధర యెక్కువ. చవుకదానితోనే గడుపవలెనన్నచో, చుట్టును చీకటిచేసి, కన్ను కొంత యెక్కువసేపు తెఱచి, వరుసలన్నియు దెఱచియున్న లిప్తలో దీపమును మెఱపింపవచ్చును.

చిత్రమెప్పుడు తీయవలెనన్నది వేఱు సంగతి. ఎడతెఱపి లేక తీయుచు బోవుట యొక పద్ధతి. సీసా వచ్చి కాంతిరేఖ నడ్డగింపగనే, నియమితమైన వ్యవధి గడచిన పిమ్మట దీయుట రెండవది. దీనికి ట్రిగ్గర్ అని పేరు. బెల్టు వేగము పెంచి, ఆ వ్యవధిని తగ్గింప మఱచినచో సీసా సగము దాటిపోయిన పిదప కన్ను తెఱచుకొనును. మంచి సరకే పనికిరాని తొట్టిలో బడును. మీ పిల్లవాడు నింద మోసికొని యింటికి వచ్చినప్పుడు, బెల్టు వేగమేమైన మార్చిరా యని మొదట నడుగుడు.