డేటాబేసు పాలనావిద్య – దాని అభ్యాససాధనములు
(మండపేటయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. సంస్కృతము చదివికొని, బడిలో పాఠములు చెప్పి, విశ్రాంతి నొందిన మేము కావ్యమును గూర్చియో వ్యాకరణమును గూర్చియో ప్రసంగింతుమని మీలో పలువురు తలచియుందురు. కాని మన విద్యార్థివేతనముల దరఖాస్తులను పరిశీలించు పని కొంతకాలముగా మా వంతునకు వచ్చినది. “డేటాబేసు అడ్మినిస్ట్రేషను శిక్షణకు రుసుము నిప్పింపుడు” అను దరఖాస్తులు వానిలో ఏటేట పెరుగుచున్నవి. సొమ్మిచ్చు పెద్దలకు ఆ విద్య యెట్టిదో తెలియదు. పుచ్చుకొను పిల్లలకు దాని నెచ్చట నేర్వవలెనో తెలియదు. ఈ రెంటి నడుమ సంఘద్రవ్యము కరగిపోవుచున్నది. అందుచేత ఈ విషయమును చదివి, ఆ పనిలో నున్న మా పూర్వశిష్యుల నడిగి తెలిసికొని, మీకు విన్నవింపవచ్చితిమి.

మొదట డేటాబేసు అనగా నేమో చెప్పుదుము. మన పేటలోని వర్తకులకు చిట్టా, ఆవర్జా యనునవి క్రొత్తవి కావు. నాటి వ్యవహారము జరిగిన వరుసలోనే చిట్టాకెక్కును. పిదప ఎవరి పద్దు వారి ఖాతాక్రింద ఆవర్జాలోనికి దిగును. ఆవర్జాను చెదలు తిన్నను చిట్టాలన్నియు భద్రముగా నున్నచో దానిని మరల వ్రాసికొనవచ్చును. డేటాబేసు నడచునదియు నీ న్యాయముననే. ప్రతి మార్పును మొదట లాగ్ అను చిట్టాలో వ్రాసికొని, పిమ్మట పట్టికలలోనికి దింపును. నడుమ విద్యుత్తు పోయి యంత్రము నిలిచినను, తిరిగి లేచినప్పుడు ఆ చిట్టాను చదివికొని ఖాతాలను సరిచేసికొనును. సమాచారమునెల్ల అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలుగా అమర్చు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. నేడు పెద్ద సంస్థలు వాడుచున్న ఒరాకిల్, డీబీ2, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మున్నగునవి ఆ వృక్షమునకు కొమ్మలే.

ఇది మనకు దూరపు సంగతి యనుకొనరాదు. 1984లో కరణీకములు రద్దగువరకు మన భూముల లెక్కలు కరణముగారి కట్టలలో నుండెడివి. 1998లో ‘కార్డ్’ అను పథకముచే రిజిస్ట్రేషను కార్యాలయములు కంప్యూటరు క్రిందికి వచ్చినవి. 2015లో ‘మీభూమి’ వచ్చినది; అడంగలును ఇంటనుండియే చూచుకొనుట అలవాటైనది. రైతు ఎకరములు, మిల్లుదారుని బ్యాంకుఖాతా, వృద్ధుల పింఛను, బిడ్డల మార్కులు – అన్నియు నేడు డేటాబేసులలోనే యున్నవి. వానిని కాయువానిని డేటాబేసు అడ్మినిస్ట్రేటరు, పొట్టిగా డీబీఏ, అందురు. నాడు కరణము మంచివాడైనచో ఊరు నిద్రపోయెడిది. నేడు ఆ స్థానమున కనబడక కూర్చున్నవాడు ఈ డీబీఏయే.

అతని విధులు ముఖ్యముగా నాలుగు. ఎవరికి చూచు హక్కు, ఎవరికి మార్చు హక్కు గలదో నిర్ణయించి కాపాడుట యొకటి. ప్రతులు తీసి వేరుచోట భద్రపరచి, అవసరమైనపుడు వానినుండి పునరుద్ధరించుట రెండవది. కోటి పద్దులలో నొకదానిని క్షణములో వెదకితెచ్చునట్లు ఇండెక్సులను, అనగా సూచికలను, అమర్చుట మూడవది. నాల్గవది నిత్యపరిశీలనము, దీనినే మానిటరింగు అందురు. మన గోదావరివారికి దీనిని బోధించుట సులభము. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. వరద వచ్చిన పిమ్మట కొలబద్దను పాతుట లేదు. కొలబద్ద ముందే యున్నది. దానిని వేళకు చదువు మనిషి యున్నాడు. ఏ అంకెకు ఏమి చేయవలెనో ముందే నిశ్చయింపబడి యున్నది. ఈ మూడును కలిసినదే పరిశీలనము. డిస్కు ఎంత నిండినది, ఏ ప్రశ్న ఎంతసేపు నడచుచున్నది, ఎవరి తాళముచే ఎవరు ఆగియున్నారు, రాత్రి తీయవలసిన ప్రతి నిజముగా తీయబడినదా – ఇవి డీబీఏ చదువు కొలబద్దలు.

ఈ కొలబద్దలను చదువనిచో నేమగునో ఒక యుదాహరణముచే తెలియును. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థయొక్క ఉద్యోగి, రాత్రివేళ అనుబంధ సర్వరును బాగుచేయబోయి, ప్రధాన సర్వరులోని దత్తాంశమును తొలగించెను. క్షణములో తెలిసికొని ఆపెను గాని అప్పటికే సుమారు 300 గిగాబైట్లు పోయినవి. ప్రతులు తీయుటకు వారికి ఐదు మార్గము లుండెను. ఏదియు నమ్మదగినదిగా పనిచేయుట లేదని ఆ రాత్రియే తేలినది. ప్రతిదినము తీయవలసిన ప్రతి, సాఫ్టువేరుయొక్క వెర్షను సరిపడక, చాలదినములుగా విఫలమగుచునే యుండెను. ఆ వైఫల్యమును తెలుపు ఈమెయిలు లేఖలును చేరలేదు. సుమారు 6 గంటల ముందు వేరొక పనికై యాదృచ్ఛికముగా తీసిన ప్రతి యొకటి యుండుటచే, ఆ 6 గంటల సమాచారము దక్క మిగిలినది దక్కినది. ఆ సంస్థవారు జరిగినదంతయు దాచక ప్రకటించిరి. ఆ నివేదిక యిప్పుడు ఈ విద్య నేర్చువారికి గొప్ప పాఠ్యగ్రంథము. ప్రతి యున్నదనుకొనుట వేరు, ప్రతినుండి తిరిగి నిలబెట్టి చూచుట వేరు. మన పూర్వులు వేదమును పద, క్రమ, జటా, ఘనపాఠములుగా వల్లించుటలోని యొక ప్రయోజనమును ఇదియే: అక్షరము జారినచో వెంటనే పట్టుబడును. చదివి చూడని ప్రతి ప్రతి కాదు.

ఇక అభ్యాససాధనములు. శాస్త్రమునకు సూత్రము, వృత్తి, భాష్యము, ప్రయోగము అను క్రమము మన కెరుకయే. ఇక్కడను అంతే.

మొదటిది సిద్ధాంతము. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శనులు రచించిన ‘డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్’ కళాశాలలలో విరివిగా చదువబడుచున్నది. వారిలో సుదర్శన్‌గారు బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగా వినవచ్చును. యోగ్యతాపత్రముకొరకు పరీక్ష వ్రాయువారు మాత్రము రుసుము కట్టుదురు.

రెండవది మూలగ్రంథము, అనగా తయారుచేసినవారే వ్రాసిన మాన్యువలు. ఇది అందరికిని అందుబాటులో నుండియు తక్కువమంది చదువునది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మాన్యువలులో ప్రతులు తీయుటకు, పునరుద్ధరించుటకు, పరిశీలించుటకు ప్రత్యేకాధ్యాయము లున్నవి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ గ్రంథములును, మైక్రోసాఫ్టువారి ‘లెర్న్’ పాఠములును వెల లేకయే చదువవచ్చును.

మూడవది ప్రయోగము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సంపూర్ణముగా ఉచితము. ఒరాకిల్‌లో ‘ఫ్రీ’ అను పేరనే యొక ప్రతి కలదు. ఎస్‌క్యూఎల్ సర్వరులో ‘డెవలపర్’ ప్రతి అభ్యాసమునకు ఉచితము. ప్రతి డేటాబేసును తన నాడిని తానే చూపు పట్టికలను లోపల నుంచుకొనును. పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ స్టాట్ యాక్టివిటీ’ అనునది చూచినచో ఈ క్షణమున ఎవరేమి అడుగుచున్నారో తెలియును. మైఎస్‌క్యూఎల్‌లో ‘పెర్ఫార్మెన్స్ స్కీమా’ అట్టిదే. ఆ అంకెలను వేళకు సేకరించి హద్దు మీరినపుడు హెచ్చరించుటకు ప్రొమీథియస్, వానిని బొమ్మలుగా చూపుటకు గ్రఫానా ఉచితముగా దొరకును. ఒక హెచ్చరిక: ఒరాకిల్‌లో ఏ.డబ్ల్యూ.ఆర్. అను నివేదికలకు ప్రత్యేక లైసెన్సు కావలెను. అవి యంత్రములో కనబడుచున్నవి గదా యని ఉద్యోగస్థలమున వాడినచో యజమానిపై అప్పు పడును.

నాల్గవది ప్రమాదనివేదికలు, పైని చెప్పిన గిట్‌ల్యాబ్ నివేదికవంటివి.

వర్జింపవలసినదియు నొకటి కలదు. పరీక్షలో వచ్చు ప్రశ్నలను జవాబులతో గూడ అమ్ము కట్టలను వల్లెవేసి సర్టిఫికెట్లు సంపాదించువారున్నారు. రూపావళిని వల్లెవేసి శ్లోకమునకు అన్వయము చెప్పలేని విద్యార్థివలె, వారు సర్వరు నిలిచిన రాత్రి నిలువలేరు.

సాధనములన్నియు ఉచితమే యైనచో మన పిల్లలు అమీర్‌పేటకు పోయి రుసుము లేల కట్టవలెనని మీరడుగవచ్చును. మాకు కనబడిన కారణములు మూడు. వారికి ఇంట కంప్యూటరు లేదు. ఇంగ్లీషు మాన్యువలు నాలుగు పుటలు చదువునప్పటికి గుండె జారిపోవుచున్నది. సందేహము తీర్చువాడు లేడు. రుసుము కట్టి వీరు కొనుచున్నది విద్య కాదు, ఈ మూడు కొరతలకు తాత్కాలికమైన ఉపశమనము. సంఘము తీర్చవలసినది ఆ కొరతలనే.

ఇంకొక యాక్షేపణము కలదు. క్లౌడు అను అద్దె సర్వరులు వచ్చినవి, కృత్రిమమేధ వచ్చినది, ఇక ఈ విద్య యెందుకని కొందరందురు. అద్దె యింటికి గోడలు కట్టువాడు యజమానియే యైనను, తాళపుచెవి ఎవరికీయవలెనో నిర్ణయించువాడు కాపురముండువాడే గదా! ప్రతులు తీయు పనిలో కొంత యంత్రమే చేయుచున్నది, నిజము. హక్కుల నిర్ణయము, పునరుద్ధరణ పరీక్ష, హద్దు మీరిన అంకెను చూచి తెగువతో నిర్ణయించుట మనుష్యునిపైననే నిలిచియున్నవి.

కావున మహాసభవారి ముందు మా ప్రార్థనములు నాలుగు. మొదటిది: శిక్షణాలయముల రుసుములకు వేరువేరుగా సొమ్మిచ్చుట మాని, ఆ ద్రవ్యముతో మన వసతిగృహమందొక గదిలో వాడిన కంప్యూటర్లు కొన్ని, ఇంటర్నెట్టు, పైని చెప్పిన గ్రంథములు ఏర్పరుపవలెను. రెండవది: ఈ వృత్తిలో హైదరాబాదు, బెంగుళూరు, విదేశములయందున్న మన యువకులు వారమున కొక గంట సందేహనివృత్తికి కేటాయింపవలెను, చందాకంటె ఆ గంట విలువైనది. మూడవది: మాన్యువలులోని మాటలకు తెలుగు వివరణము గల చిన్న పుస్తకము సిద్ధపరుపవలెను, మేము బ్రదికియున్నన్నాళ్లు ఆ పనికి కూర్చుందుము. నాల్గవది: యోగ్యతను సర్టిఫికెట్టుచే గాక పునరుద్ధరణముచే కొలువవలెను. విద్యార్థి ఎదుట డేటాబేసును చెరిపి, అతడు తీసిన ప్రతినుండి అతనిచేతనే మరల నిలబెట్టింపవలెను. నిలబెట్టినవాడు ఉత్తీర్ణుడు.

ఆ గదిలో ఆడపిల్లలకు సమానముగా చోటుండవలెను. అన్యకులములవారి బిడ్డలును వచ్చినచో తలుపు వేయరాదు. వారు కాయబోవు లెక్కలలో మన లెక్కలును ఉన్నవి గదా. పోషకులలో కొందరు కల్యాణమండపమునకు చందా లీయ సిద్ధముగా నున్నారని వింటిమి. మండపమునకు ఒక యేడు ఆలస్యమైనను పెండ్లిండ్లు ఆగవు. చదువు వయస్సు మాత్రము తిరిగి రాదు. రుసుమునకై పొలము కుదువబెట్టిన తండ్రులు మా దరఖాస్తుల కట్టలో ఉన్నారు. వారి ముఖము చూచి ఈ తీర్మానమును ఈ సభయందే యంగీకరింపుడని వేడుకొనుచున్నాము.

శుభం భూయాత్.