ఉలవలు, ఎండు తునకలు: ఒక్క గిన్నెలో రెండు పూటల బలం

ఇవాళ మన ఎపిసోడ్ చారు గురించి. పల్చటి చారు కాదండోయ్, గరిటె నిలబడేంత చిక్కటి చారు. ఉలవలు, ఎండు తునకలు కలిపి కాచేది. ఎండు తునకల్ని కొన్నిచోట్ల ఉప్పుకండం అంటారు, కొన్నిచోట్ల ఒట్టి తునకలంటారు.

యూట్యూబ్‌లో బీన్స్, సాసేజ్ సూప్ చూసి నోరూరిందని అంటుంటారు కదా. అక్కడ మాంసానికి ఉప్పు పట్టించి పేగులో కూరి దాస్తారు. మన దగ్గర పసుపు, ఉప్పు రాసి, తాడు మీద వేసి ఎండబెడతారు. లెక్క ఒకటే. తడి లేకపోతే పురుగూ క్రిమీ పెరగవు, ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా మాంసం నిలవుంటుంది. గుప్పెడు ముక్కలు పడితే చాలు, గిన్నెడు గింజలకి రుచొస్తుంది.

మరి ఉలవలు? ఒంగోలు ఎడ్లతో దున్నిన రోజుల్లో ఉలవలు ఉడకబెట్టి ఎడ్లకి పెట్టేవాళ్ళు. ఆ ఉడికిన నీళ్ళే మన ఉలవచారు అయ్యాయి. ట్రాక్టర్లొచ్చాయి, ఎడ్లు పోయాయి. నల్లరేగడంతా పత్తి, మిరప. ఉలవలు ఇప్పుడు కొట్లో కొనుక్కునే సరుకు.

సరే, పనిలోకి వద్దాం. నలుగురికి పావుకిలో ఉలవలు. వీటిలో రాళ్ళు ఎక్కువ, చాటలో చెరిగి ఏరండి. కడిగి రాత్రంతా నానబెట్టండి. అయిదు లీటర్ల కుక్కర్‌లో లీటరున్నర నీళ్ళు పోసి ఎక్కించండి. పప్పుగింజలకి కుక్కర్ సగం మించి నింపకూడదు, నురగ పొంగి విజిల్ రంధ్రం మూసుకుపోతుంది. పది విజిళ్ళు రానిచ్చి, సన్నమంట మీద ఇంకో ఇరవై నిమిషాలు ఉంచండి.

ఈలోగా వంద గ్రాముల తునకలు వేడినీళ్ళలో రెండుసార్లు కడగండి. దుమ్ము, అదనపు ఉప్పు పోతాయి. అరగంట నానాక రోట్లో వేసి రెండు దెబ్బలు వేస్తే పీచుపీచుగా విడిపోతాయి. రోలు లేకపోతే చపాతీ కర్ర చాలు.

ఉలవలు దించి నీళ్ళు వంపుకోండి. ఆ నీళ్ళే అసలు సరుకు, పారబోయకండి. గింజల్లో సగం మెత్తగా మెదిపి మళ్ళీ ఆ నీళ్ళలోనే కలపండి, చిక్కదనం దాంతోనే వస్తుంది. మిగతా సగానికి పోపు పెడితే సాయంత్రానికి గుగ్గిళ్ళు.

ఇప్పుడు గిన్నెలో నూనె, ఆవాలు, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లిపాయ. తునకలు వేసి ఎర్రగా వేగనివ్వండి. పసుపు, ఒక చెంచా గుంటూరు కారం, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఆ పైన ఉలవనీళ్ళు. ముక్క మెత్తబడేదాకా, ముప్పావుగంటో గంటో, సన్నమంట మీద మరగనివ్వండి. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూశాకే. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళుంటే వాళ్ళ గిన్నెలో తునకలు తగ్గించండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. పొద్దున్నే ఆటో ఎక్కి మిరపకోతకి పోయే మన అమ్మలు, అక్కలు కూడా ఆ లెక్కలో ఉన్నవాళ్ళే. వంద గ్రాముల ఎండు ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, ఐరన్ కూడా ఉంటుంది. గింజల్లో ఐరన్ ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పక్కన కాస్త మాంసం ఉంటే బాగా పడుతుంది. ఒక నిమ్మచెక్క పిండుకున్నా మేలే. దీంతోనే రక్తం పట్టేస్తుందని అనను, బాగా నీరసంగా ఉంటే పరీక్ష చేయించాల్సిందే. కానీ ఒట్టి పచ్చడి మెతుకుల కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ఇంకో మాట. తునకల వాసనొస్తుందని హాస్టల్లో బాక్స్ మూత తియ్యడానికి సిగ్గుపడే పిల్లలు నాకు తెలుసు. ఉలవచారేమో బిర్యానీ హోటల్ మెనూలోకెక్కింది, తునకలేమో ఇంకా బాక్స్ అడుగున దాక్కుంటున్నాయి. పేద ఇళ్ళు మాంసాన్ని వృథా పోనివ్వకుండా దాచుకున్న తెలివి అది. అందులో సిగ్గుపడేదేముంది? మూత తియ్యండి, పక్కవాడికీ ఓ ముద్ద పెట్టండి.

వేడన్నంలోనో జొన్నరొట్టెతోనో తినండి. మీ ఇంట్లో ఈ తునకల్ని ఏమంటారో కింద రాయండి. ఉంటాను మరి!