మగ్గం దగ్గర మొదటి పాఠం

గుంటూరు అనగానే మిర్చి, పత్తి గుర్తొస్తాయి. ఆ పక్కనే మంగళగిరి నేత కూడా ఉంది. ఆ నేత ఎవరు నేర్పారు? ఇంట్లో పెద్దవాళ్లే.

ముందు రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టాలి. కండె వదులైతే నాడెలో నూలు చిక్కుపడుతుంది. తర్వాత తెగిన పోగు అతకడం. రెండు కొసలూ వేళ్ల మధ్య పెట్టి మెలితిప్పాలి. అతుకు కంటికి కనపడకూడదు. ఆ తర్వాతే గుంట మగ్గంలోకి దిగడం. చెబితే వచ్చే పని కాదండీ ఇది. పక్కన కూర్చుంటేనే వస్తుంది.

అలా పక్కన కూర్చునే పిల్లలు ఇప్పుడు తగ్గిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కూలి గిట్టాలి, చేతిలో ఒక చదువూ ఉండాలి కదా!

అలాంటి చదువుకు ఒక దారి ఉంది. నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్య గారు చేనేత కార్మికుల కోసం జీవితమంతా పనిచేశారు. ఆయన పేరుతో వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ నడుస్తోంది. అక్కడ 3 ఏళ్ల డిప్లొమా ఉంది. నేత, అద్దకం, డిజైను నేర్పుతారు. 10వ తరగతి పాసైనవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మళ్లీ చెబుతున్నాను, ఊరు వెంకటగిరి, చదువు 3 ఏళ్లు, అర్హత 10వ తరగతి. మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలకు ఈ కబురు చేరవేయండి.