ఆవిష్కర్త ముందున్న మూడు దారులు



విద్యార్థి చేసిన నమూనాను చూసి పెద్దలు వేసే మొదటి ప్రశ్న “ఇది పనిచేస్తుందా?” అని. పనిచేసిన మరుక్షణం మరొక ప్రశ్న పుడుతుంది: దీనికి పేటెంటు తీసుకోవాలా, అక్కరలేదా? ఈ రెండవ ప్రశ్నకు సమాధానం ఆలస్యమైతే హక్కే చేజారిపోవచ్చు.

పేటెంటు ప్రశంసాపత్రం కాదు. అది ప్రభుత్వానికీ ఆవిష్కర్తకూ నడుమ ఒక ఒడంబడిక. ఆవిష్కర్త తన కిటుకును, ఆ విద్య తెలిసిన మరొకరు చేయగలిగినంత వివరంగా, లోకానికి వెల్లడించాలి. ప్రతిఫలంగా, ఇతరులు అనుమతి లేకుండా దానిని తయారుచేయకుండా, అమ్మకుండా నిలువరించే హక్కు దరఖాస్తు తేదీ మొదలు 20 ఏళ్ళపాటు లభిస్తుంది. భారతదేశంలో దీనికి ఆధారం 1970 నాటి పేటెంట్ల చట్టం. ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, ఆ రంగంలో ఆరితేరినవారికి సులువుగా తట్టేది కాకూడదు, పరిశ్రమకు ఉపయోగపడాలి. వ్యవసాయ పద్ధతులకు, సంప్రదాయ జ్ఞానానికి ఈ చట్టం పేటెంటు ఇవ్వదు.

ఆవిష్కర్త ముందు మూడు దారులున్నాయి. మొదటిది, అందరికీ ఇచ్చివేయడం. ఆచార్య జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తాలో విద్యుత్తరంగాల శక్తిని బహిరంగంగా ప్రదర్శించారు. జ్ఞానాన్ని సొమ్ము చేసుకోవడం ఆయనకు రుచించలేదు. సోదరి నివేదిత, సారా బుల్ ప్రోద్బలంతో 1901లో అమెరికాలో దరఖాస్తు దాఖలైంది. 1904లో పేటెంటు వచ్చింది. దానిని ఆయన ధనార్జనకు వినియోగించుకోలేదు. ఈ దారి ఉదాత్తమైనదే. కాని ఇచ్చివేయడమంటే ఊరకుండడం కాదు. తేదీతో సహా అచ్చులో ప్రకటిస్తే, రేపు మరొకరు అదే వస్తువుకు పేటెంటు కోరినప్పుడు అడ్డుచెప్పడానికి ఆధారం ఉంటుంది.

రెండవది, గుట్టుగా ఉంచుకోవడం. రంగు కలిపే పాళ్ళవలె, వస్తువును చూసినంత మాత్రాన బయటపడని కిటుకులకు ఇది తగును. విప్పి చూస్తే తెలిసిపోయే యంత్రానికి పనికిరాదు.

మూడవది పేటెంటు. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి చేతిని వేలసార్లు ఆడించవలసి వచ్చేది. తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. అటువంటి యంత్రం నేతగాని ఇంటికి చేరితే దాని అమరిక అందరి కంటా పడుతుంది; దాచడం సాధ్యం కాదు. మల్లేశం దానికి పేటెంటు పొందారు. 2017లో పద్మశ్రీ ఆయనను వరించింది.

పేటెంటు కోరడం స్వార్థమనే భావం కొందరికి ఉన్నది. ఇన్సులిన్ చరిత్ర దానికి సమాధానం. బాంటింగ్, బెస్ట్, కోలిప్ తమ పేటెంటు హక్కులను 1923లో తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి అప్పగించారు. వేరొకరు ఆ ఔషధంపై గుత్తాధిపత్యం సాధించకుండా కాపాడడమే వారి ఉద్దేశం. హక్కు చేతిలో ఉన్నవారే దానిని ధర్మంగా పంచగలరు. అందుచేత ఆదాయమెంత అని అడగడానికి ముందు, పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి అని అడగడం మేలు.

పేటెంటు దారినే ఎంచుకుంటే వరుస తప్పరాదు. ముందు దరఖాస్తు, తరువాతనే ప్రదర్శన. విజ్ఞాన ప్రదర్శనలో నమూనాను నలుగురికీ వివరించినా, పత్రికలో వ్రాసినా కొత్తదనం పోయినట్లే. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనల వంటి కొన్ని సందర్భాలకు మాత్రమే 12 నెలల మినహాయింపు ఉన్నది. పాఠశాల ఉత్సవం దానిలోకి వస్తుందని భావించరాదు. నమూనా ఇంకా పూర్తికాకపోతే తాత్కాలిక వివరణ దాఖలు చేసి, 12 నెలలలోగా సంపూర్ణ వివరణ సమర్పించవచ్చు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు చెన్నైలోను, మహారాష్ట్రవారికి ముంబైలోను, ఒడిశావారికి కోల్‌కతాలోను పేటెంటు కార్యాలయాలున్నాయి. వ్యక్తులకు రుసుము తక్కువ. 2021 నుంచి విద్యాసంస్థలకు కూడ 80 శాతం తగ్గింపు లభిస్తున్నది. అయితే పేటెంటును నిలుపుకోవడానికి మూడవ ఏడు మొదలుకొని ఏటేటా రుసుము చెల్లించాలి. వస్తువును తయారుచేసేవారు, కొనేవారు ఎవరో ఆలోచించకుండా ఆ భారాన్ని తలకెత్తుకోవడం వివేకం కాదు.

చివరిది పేరు సంగతి. ఊహ ఎవరిదో ఆవిష్కర్త వారే. ప్రయోగశాల తాళం ఇచ్చినంత మాత్రాన ఉపాధ్యాయుడు, ఖర్చు భరించినంత మాత్రాన తండ్రి ఆవిష్కర్తలు కారు. ఊహలో నిజంగా పాలుపంచుకున్నవారిని విడిచిపెట్టనూ రాదు. పాఠశాల పేరున దరఖాస్తు వేయదలిస్తే విద్యార్థి హక్కును సంరక్షకుల సమ్మతితో వ్రాతపూర్వకంగా బదలాయించాలి. ప్రతి నమూనాకూ ఒక పుస్తకం పెట్టి, ఏ రోజున ఎవరికి ఏ ఆలోచన కలిగిందో తేదీ వేసి, సంతకంతో వ్రాయించే అలవాటు ప్రతి పాఠశాలకూ సాధ్యమే. ఈ ప్లాటినం ఉత్సవ సంవత్సరంలో ఆ పుస్తకపు మొదటి పుట తెరుచుకోవాలని ఆకాంక్ష.

స్వస్తి.