పదహారు గోల్స్ తరువాత

ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడు హైదరాబాదువారికి కొంత గర్వము కలుగుట సహజము. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు గెలుచుకొన్నది మన నగర పోలీసు జట్టే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీంగారి శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకము పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము సంపాదించినది. అయితే మనము చెప్పుకొను ఈ ఘనతలో ఆడపిల్లలకు చోటు లేదు. నేడు నేను ముచ్చటింపదలచినది వారిని గురించియే. ముఖ్యముగా పదునేడేండ్ల లోపు బాలికల భారత జట్టును గురించి.

2022 అక్టోబరులో ఆ వయసు బాలికల ప్రపంచ కప్పు పోటీలు మన దేశమున జరిగినవి. భువనేశ్వరములోని కళింగ క్రీడాంగణములో మన జట్టు మూడు ఆటలు ఆడినది. 11వ తేదీన అమెరికా 8 గోల్స్, 14న మొరాకో 3, 17న బ్రెజిల్ 5 గోల్స్ మనపై చేసినవి. మొత్తము 16. మనము చేసినది ఒక్కటియు లేదు. “ఈ మాత్రమునకేనా ఇంత ఆర్భాటము?” అని పెదవి విరిచినవారు లేకపోలేదు.

కాని, ఈ లెక్క వెనుక మరియొక లెక్క ఉన్నది. విందు చేసినవారికి పంక్తిలో చోటు దొరకినట్లు, ఆతిథేయ దేశమగుటచే మనకు ఆ పోటీలో ప్రవేశము లభించినది; ఆసియాలో నెగ్గి సంపాదించుకొన్నది కాదు. అమెరికా సంగతి చూడుడు. విద్యాసంస్థలలో ఆడపిల్లలయెడ వివక్ష చూపరాదని అచట 1972లోనే శాసనము వచ్చినది. నాటినుండి బడులలో బాలికల ఆటలు పెంపొందుచు వచ్చినవి. ఆ 8 గోల్స్ ఒక్క సాయంకాలమున పుట్టినవి కావు; వాటి వెనుక ఏబదియేండ్ల సేద్యము కలదు.

ఇట్టి జట్లకు వయసొక కఠినమైన హద్దు. ఆ ప్రపంచ కప్పు తొలుత 2020లోనే మన దేశమున జరుగవలసినది. కరోనా మహమ్మారివలన మొదట వాయిదాపడి, పిదప రద్దయినది. 2022లో అవకాశము తిరిగి వచ్చినది గాని, 2020 కొరకు సాధనచేసిన పిల్లలలో పలువురు అప్పటికి వయసు దాటిపోయినారు. పెద్దల జట్టులో ఈయేడు తప్పినది వచ్చే యేడు దొరకవచ్చును. బాలికల జట్టులో గడచిన యేడు గడచినదే.

ఇక 2025 నాటి మాట. ఆగస్టులో ఇరువదేండ్ల లోపు జట్టు రంగూనులో మయన్మారును 1-0తో ఓడించి, ఇరువదేండ్ల తరువాత ఆసియా కప్పు పోటీలకు అర్హత పొందినది. అదే నెలలో పదునేడేండ్ల లోపు జట్టు భూటాను రాజధాని థింపూలో దక్షిణాసియా కప్పు గెలిచినది. అక్టోబరులో బిష్కెక్ నగరమున ఉజ్బెకిస్తానుతో ఆడుచు, మొదట ఒక గోలు వెనుకబడియు, 2-1తో నెగ్గి ఆసియా కప్పున ప్రవేశించినది. 2005 తరువాత ఆ పోటీలో మన బాలికలకు చోటు దొరకుట అదే ప్రథమము. పాల్గొను జట్ల సంఖ్య ఎనిమిది నుండి పండ్రెండుకు పెరిగినమాట నిజమే. ద్వారము కొంత వెడల్పైనది. అయినను దానిలోనికి మన పిల్లలు తమ కాళ్ళతోనే నడచిపోయినారు.

మన ప్రాంతమునకు ఇందులో భాగము లేదా అని అడుగవచ్చును. ఉన్నది. నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య బాలికల జట్లలో దేశము తరఫున ఆడి, పెద్దల జట్టునకు ఎదిగి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరినది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా సత్కరించినది. ఒక్క సౌమ్య సాధించినది మరి పదిమందికి అసాధ్యము కానేరదు.

నేను ఉండునది పీర్జాదిగూడ. ఉప్పల్ దాటి వరంగల్లు రస్తా వెంబడి పెరిగిన బస్తీ. సాయంకాలమున ఖాళీ స్థలము ఎక్కడ ఉన్నను అక్కడ మగపిల్లలు క్రికెట్టు ఆడుచుందురు. ప్రక్కనే ఉప్పల్‌లో పెద్ద స్టేడియము ఉన్నది గదా, ఆ ముచ్చట సహజమే. ఆడపిల్లలు మాత్రము బడినుండి నేరుగా ఇల్లు చేరుదురు. ఎండలో ఆడిన నల్లబడుదురని, కాలు విరిగిన సంబంధములు రావని పెద్దల బెంగ. ఆ బెంగను నేను పరిహసింపను. ఆడపిల్లను కన్న ప్రతి ఇంట అది ఉన్నదే. కాని, పదునేడేండ్లు నిండిన పిదప మనము మనసు మార్చుకొన్నను ఆ పిల్లకు ఆ జట్టు తలుపు తెరచుకొనదు.

అందుచే నా మనవి చిన్నది. మన వాడలలోని బడులు వారమునకు మూడు సాయంకాలములైనను తమ ఆటస్థలమును బాలికలకు విడువవలెను. ఒక బంతి, తోడుగా ఒక ఉపాధ్యాయురాలు, ప్రక్క బడితో నెలకొక పందెము చాలును. మొదటి పందెములో మన పిల్లలు ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిపోవచ్చును. ఓడనిండు. రెండవ పందెమునకు వారిని ఇంటి వద్ద ఆపకుండుటయే మనము చేయవలసిన పని.