మనిషి లేనప్పుడు మాట అందుకునే యంత్రం

ఉత్తరానికీ టెలిఫోనుకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఉత్తరం వ్రాసేవారు ఒక వేళ వ్రాస్తారు, చదివేవారు మరొక వేళ చదువుకుంటారు. ఇద్దరూ ఒకే క్షణాన సిద్ధంగా ఉండవలసిన అవసరం లేదు. టెలిఫోను అట్లా కాదు. ఇక్కడ పిలిచేవారూ, అక్కడ పలికేవారూ ఒకే సమయానికి కలిస్తేనే ఆ పరికరానికి సార్థక్యం. అవతల మనిషి లేకపోతే గంట ఎంతసేపు మోగినా ఫలితం లేదు. ఈ లోటు తీర్చడానికి, టెలిఫోనుకు ఉత్తరం గుణాన్ని కొంత అబ్బించడానికి పుట్టినదే ఆన్సరింగ్ మెషీన్, అనగా జవాబు చెప్పే యంత్రం. దాని తరువాతి తరం వాయిస్ మెయిల్.

ఇంట్లో ఉన్న ఒక్క టెలిఫోనుకు ఒక యంత్రం తగిలించడం సులభమైన పని. కాని పది గదులూ, ఇరవై ఎక్స్‌టెన్షన్లూ, వాటినన్నిటినీ కలిపే ఒక చిన్న ఎక్స్ఛేంజీ ఉన్న కార్యాలయంలో ఆ యంత్రాన్ని ఎక్కడ కలపాలి, ఎట్లా కలపాలి అనేది ఆలోచించవలసిన విషయం. సరిగ్గా కలపకపోతే కలిగే నష్టం చిన్నది కాదు. ఎవరూ ఎత్తని టెలిఫోను కనీసం నిజం చెప్పుతుంది. అక్కడ ఎవరూ లేరని తెలిసి మనం మరొక దారి వెదుక్కుంటాము. "మీ సంగతి చెప్పండి" అని మర్యాదగా అడిగి, చెప్పిన సంగతిని ఎవరూ వినని చోట దాచిపెట్టే యంత్రం మాత్రం మనలను నమ్మించి నష్టపరుస్తుంది. హాల్ టిక్కెట్టు రాలేదని పరీక్షకు ముందురోజు ఫోను చేసిన విద్యార్థి, ఆపరేషను తేదీ కనుక్కుందామని పిలిచిన రోగి బంధువు, ఇటువంటివారు తమ మాట చేరిందన్న ధైర్యంతో ఊరకుంటారు. ఆ ధైర్యం వృథా కాకుండా చూడడం ఎట్లాగో ఈ ప్రసంగంలో ముచ్చటించుకుందాము.

ఈ యంత్రం చరిత్ర రేడియోవారమైన మాకు ప్రత్యేకంగా ప్రీతికరమైనది. డెన్మార్కు దేశంలో కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తున్న వాల్డెమార్ పౌల్సెన్ అనే ఇంజనీరు 1898లో టెలిగ్రాఫోన్ అనే పరికరాన్ని కనిపెట్టినాడు. చందాదారు ఇంట లేనప్పుడు వచ్చిన మాటను పట్టి ఉంచడం ఎట్లా అన్నదే ఆయన ఆలోచన. ఒక గొట్టం చుట్టూ ఉక్కు తీగ చుట్టి, ఆ తీగను చిన్న విద్యుదయస్కాంతం ముందునుంచి నడిపించినాడు. మాటతోపాటు హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తు ఉక్కుమీద అయస్కాంతపు జాడలుగా నిలిచింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆ యంత్రంలో పలికిన కొద్ది మాటలు ఇప్పటికీ భద్రంగా ఉన్నవి. నేటికి నిలిచిన అయస్కాంత శబ్దముద్రణలలో అవే అతి ప్రాచీనమైనవి. అనేక దశాబ్దాలపాటు రేడియో స్టూడియోలలో తిరిగిన టేపులన్నిటికీ మూలపురుషుడు ఆ ఉక్కు తీగే. అంటే గానాన్నీ నాటకాన్నీ భద్రపరచిన విద్య తొలుత టెలిఫోను కబురు అందుకోవడానికి పుట్టిందన్నమాట.

ఆనాడు శబ్దాన్ని పెద్దది చేసే వాల్వులు లేవు. అందువల్ల టెలిగ్రాఫోన్ పలుకు మరీ సన్నగా వినిపించేది, వ్యాపారంలో నిలువలేదు. తరువాత సాంకేతికమైన అడ్డంకి తొలగినా మరొక అడ్డంకి మిగిలింది. అమెరికాలో టెలిఫోను కంపెనీ తన తీగలకు ఇతరుల పరికరం ఏదీ తగిలించరాదని చాలాకాలం నిర్బంధించింది. మాట ప్రక్కవారికి వినపడకుండా మౌత్‌పీసుకు తొడిగే ఒక చిన్న డొప్పమీద కూడా వ్యాజ్యం నడిచి, 1956లో న్యాయస్థానం దాని తయారీదారులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 1968లో కార్టర్‌ఫోన్ అనే పరికరం విషయమై అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఇచ్చిన నిర్ణయంతో బయటివారి పరికరాలకు దారి తెరచుకున్నది. జవాబు యంత్రాలు ఇండ్లలోనికీ కార్యాలయాలలోనికీ విరివిగా వచ్చింది ఆ తరువాతనే.

ఇక యంత్రం పనిచేసే తీరు చూద్దాము. మామూలు టెలిఫోను రెండు తీగలమీద నడుస్తుంది. ఎవరూ మాట్లాడని వేళ ఆ తీగలమీద సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ఎవరైనా పిలిచినప్పుడు ఎక్స్ఛేంజి 75 నుంచి 90 వోల్టుల వరకు ఏకాంతర విద్యుత్తును పంపుతుంది. గంట మోగించేది అదే. జవాబు యంత్రం ఆ గంటలను లెక్కపెడుతుంది. నియమించిన సంఖ్య పూర్తికాగానే మనిషి రిసీవరు ఎత్తినట్లే వలయాన్ని పూర్తిచేస్తుంది. ముందుగా ముద్రించిన పలుకు వినిపించి, ఒక కూత కూసి, అవతలివారి మాటను పట్టుకుంటుంది. కొన్ని యంత్రాలలో ఒక చక్కని పొదుపు ఉపాయం ఉన్నది. కొత్త కబుర్లు ఉంటే రెండవ గంటకే పలుకుతుంది, లేకపోతే నాలుగవ గంట దాకా ఆగుతుంది. పొరుగూరినుంచి తన యంత్రాన్ని తానే పిలిచిన యజమాని మూడవ గంట వినగానే, కబుర్లు లేవని గ్రహించి, కానీ ఖర్చు లేకుండా ఫోను పెట్టివేయవచ్చును.

కార్యాలయంలో ఈ యంత్రాన్ని కలపడానికి రెండు చోట్లు ఉన్నవి. ఊరి ఎక్స్ఛేంజినుంచి వచ్చే తీగ కార్యాలయపు పెట్టెలో ప్రవేశించే ముందే కలపడం ఒకటి, లోపలి ఎక్స్‌టెన్షనుకు కలపడం రెండవది. మొదటి పద్ధతిలో యంత్రం ఆ ఒక్క తీగమీద వచ్చే పిలుపులను మాత్రమే అందుకుంటుంది. అంతేకాక లోపలి పెట్టె తానే వెంటనే పలికి "ఫలానా విభాగానికి ఫలానా అంకె నొక్కండి" అని చెప్పేదైతే, నాలుగవ గంటకోసం కాచుకున్న మన యంత్రానికి అవకాశమే రాదు. కాబట్టి ఎవరు ముందు పలకాలో, ఎన్ని గంటల తరువాత పలకాలో ముందే నిర్ణయించుకోవాలి.

రెండవ పద్ధతిలో మరొక చిక్కు ఉన్నది. అనేక కార్యాలయాలలో బల్లలమీద ఉండే బహు మీటల టెలిఫోనులు డిజిటల్ పద్ధతివి. వాటి తీగలమీద నడిచేవి అంకెల సంకేతాలు. గోడలో ఉన్న రంధ్రం చూడడానికి ఒకే తీరుగా ఉన్నా, మామూలు జవాబు యంత్రాన్ని అక్కడ పెడితే దానికి గంట వినపడదు. ఒక్కొక్కప్పుడు యంత్రమే చెడవచ్చును. దానికి కావలసింది అనలాగ్ ఎక్స్‌టెన్షన్, అంటే పాత పద్ధతి రెండు తీగల ఎక్స్‌టెన్షన్. పెట్టెలో అటువంటిది లేకపోతే అందుకు తగిన కార్డునో, సంకేతాన్ని మార్చే చిన్న పరికరాన్నో అమర్చుకోవాలి. యంత్రం కొనడానికి ముందే ఈ సంగతి మెకానికును అడిగి తెలుసుకోవడం మంచిది.

ఎక్స్‌టెన్షనుకు ఒక యంత్రం చొప్పున ఇరవై యంత్రాలు పెట్టడం సాధ్యం కాదు. అందుకు పరిష్కారమే వాయిస్ మెయిల్. ఒకే కంప్యూటరులో ఒక్కొక్కరికి ఒక్కొక్క మాటల పెట్టె ఉంటుంది. అమెరికాలో గార్డన్ మాథ్యూస్ అనే ఆయన ఈ పద్ధతికి 1979లో పేటెంటు కోరి 1983లో పొందినాడు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో ఐబీఎం సంస్థ క్రీడాకారులకోసం 12 భాషలలో ఇటువంటి ఏర్పాటు చేసింది. స్వదేశంనుంచి తలిదండ్రులూ మిత్రులూ పలికిన మాటలను క్రీడాగ్రామంలో ఉన్న యువకులు తీరిక వేళ విన్నారు. మన దేశంలో ప్రభుత్వం 1992లో కొన్ని అదనపు టెలిఫోను సేవలలోనికి ప్రైవేటు సంస్థలను అనుమతించినప్పుడు, వాటిలో వాయిస్ మెయిల్ కూడా చేరింది.

వాయిస్ మెయిల్‌ను ఎక్స్ఛేంజికి జతపరచడంలో మూడు సంగతులు కుదరాలి. మొదటిది: ఎక్స్‌టెన్షన్ పనిలో ఉన్నా, ఎవరూ ఎత్తకపోయినా పిలుపు దానంతట అదే వాయిస్ మెయిల్‌కు మళ్లాలి. రెండవది: మళ్లిన పిలుపు ఎవరికోసం వచ్చిందో ఎక్స్ఛేంజి తెలియజేయాలి. తీగ మీదనే అంకెల స్వరాలు పంపడం ఒక పద్ధతి, వేరొక తీగపై సమాచారం పంపడం మరొక పద్ధతి. ఈ కబురు అందకపోతే, హెడ్ క్లర్కుగారికోసం పిలిచిన మనిషికి "మీకు ఎవరు కావాలి?" అన్న ప్రశ్న మొదటినుంచీ మళ్లీ ఎదురవుతుంది. మూడవది: కబురు వచ్చినట్లు సొంతదారుకు తెలియాలి. టెలిఫోనుమీద ఎర్రదీపం వెలగడమో, రిసీవరు ఎత్తగానే డయలు స్వరం తునకలు తునకలుగా వినపడడమో దీనికి గుర్తు. దీపం వెలగని పెట్టెలో కబుర్లు పేరుకుపోతాయి, ఎవరూ తెరువరు.

అవతలివారు ఫోను పెట్టివేసినారని యంత్రానికి తెలియడం మరొక విశేషం. మనిషికైతే వెంటనే తెలుస్తుంది. యంత్రానికి ఎక్స్ఛేంజి చెప్పాలి. క్షణకాలం విద్యుత్తును ఆపి కొన్ని ఎక్స్ఛేంజీలు ఆ సంగతి తెలుపుతాయి. ఆ ఏర్పాటు లేనిచోట యంత్రమే ఎంగేజి స్వరాన్ని గుర్తుపట్టాలి. ఆ స్వరం దేశానికొక తీరుగా ఉంటుంది కాబట్టి, ఒక దేశానికి తయారైన యంత్రం మరొక దేశంలో తికమక పడుతుంది. అప్పుడు రెండు మాటల కబురు తరువాత నిమిషాల తరబడి టుయ్ టుయ్ శబ్దమే నిండిపోయి, అసలు కబుర్లకు చోటు చాలదు. యంత్రం అమర్చినవారు ఈ స్వరాన్ని సరిచూడనిదే పని పూర్తయినట్లు కాదు.

తాళం సంగతి కూడా మరువరాదు. ఎక్కడినుంచైనా మన కబుర్లు వినే వీలు మనకు ఉన్నదంటే, సంకేత సంఖ్య తెలిసిన పరాయివారికీ ఉన్నదన్నమాటే. కంపెనీవారు ఇచ్చిన 1234, 0000 వంటి సంఖ్యలను మార్చకపోవడం తాళంచెవిని గుమ్మానికే వ్రేలాడదీయడంతో సమానం. ఇంగ్లండులో విలేకరులు ఇతరుల వాయిస్ మెయిల్ దొంగచాటుగా విన్న సంగతి బయటపడి, 1843లో స్థాపితమైన న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే వారపత్రిక 2011 జూలైలో మూతపడింది. కార్యాలయాలకు మరొక ప్రమాదం ఉన్నది. వాయిస్ మెయిల్‌లోనుంచి బయటి నంబర్లకు పిలుపు వెళ్లే వీలు తెరిచి ఉంచితే, ఎవరో విదేశాలకు మాట్లాడుకున్న బిల్లు మన నెత్తిన పడుతుంది. అవసరం లేని ఆ దారిని మూసివేయడమే వివేకం.

నేడు అనేక కార్యాలయాలలో టెలిఫోను ఇంటర్నెట్టు మీద నడుస్తున్నది. వచ్చిన కబురు శబ్దపు ఫైలుగా ఈ-మెయిల్‌లో చేరుతున్నది. సెల్‌ఫోనులో మిస్డ్ కాల్ చూసి తిరిగి పిలవడం, వాట్సాప్‌లో మాట ముద్రించి పంపడం మనకు అలవాటైనవి. పరికరం మారినా సమస్య మారలేదు. ఒకరు మాట చెప్పినారు, దానిని ఎవరు వింటారు?

ఈ ప్రశ్నకు జవాబు ఏ తీగలోనూ దొరకదు. యంత్రం అమర్చిన నాడే, ప్రతి ఉదయం కబుర్లు విని పుస్తకంలో వ్రాసి సంబంధించినవారికి అందజేసే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించాలి. ఆయన సెలవులో ఉంటే మరొకరికి అప్పగించాలి. వినిపించే పలుకులో కార్యాలయం పేరు, పనివేళలు, ఎప్పటిలోగా తిరిగి పిలుస్తారో చెప్పాలి. తొందరపని ఉన్నవారు మనిషితో మాట్లాడడానికి ఏ నంబరు పిలవాలో కూడా చెప్పాలి. మైకు ముందు పనిచేసే మా అనుభవంలో ఒక చిన్న సలహా: ఆ పలుకు ముప్పై సెకన్లకు మించరాదు. నిదానంగా, తెలుగులో, ఎదుట ఒక మనిషి కూర్చున్నట్లు భావించి పలకాలి. కబురు చెప్పేవారు కూడా తమ పేరు, ఊరు, నంబరు రెండుసార్లు, అంకె అంకెగా చెప్పితే వినేవారికి ఉపకారం చేసినవారవుతారు.

చివరకు ఒక పరీక్ష. నెలకొకసారి కార్యాలయం మూసిన తరువాత, బయటినుంచి, అపరిచితులవలె మన నంబరును మనమే పిలిచి ఒక కబురు చెప్పి చూడాలి. అది మరునాడు మధ్యాహ్నంలోగా ఎవరి చేతికి వచ్చిందో కనుక్కోవాలి. యంత్రం కూసే ఆ చిన్న కూత, మీ మాట మాకు చేరిందని కార్యాలయం ఇచ్చే హామీ. తీగలు కలిపే బాధ్యత మెకానికుది, హామీ నిలబెట్టే బాధ్యత మనది.