గంజాయి: నిషేధమా, నియంత్రణా?

2021 నవంబరులో మన నాందేడ్ జిల్లా, నాయగావ్ తాలూకా మంజ్రం దగ్గర కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ అధికారులు ఒక లారీని ఆపారు. అందులో 1,127 కిలోల గంజాయి దొరికింది. అది ఆంధ్ర ప్రాంతం నుంచి జళగావ్‌కు పోతున్న సరుకని అధికారులు చెప్పారు. అంటే అది మన దగ్గర పండిందీ కాదు, ఇక్కడ దిగవలసిందీ కాదు. మన దారిన పోతున్నది, అంతే. అందుకే, గంజాయిని చట్టబద్ధం చేయాలా అనే చర్చను సరిహద్దువాళ్లం మన వైపు నుంచి కూడా చూడాలి.

చేయాలనేవారి వాదన ఇది. నిషేధం ఉన్నంతకాలం దొంగవ్యాపారం పోదు. ప్రభుత్వమే నియంత్రిస్తే పన్ను వస్తుంది, కల్తీ తగ్గుతుంది. ఇది కొత్త మాట కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో వేసిన విచారణ సంఘం కూడా పూర్తి నిషేధం వద్దు, పన్ను వేసి అదుపులో ఉంచండి అన్నది. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో ఆ దారి పట్టాయి.

వద్దనేవారి మాటకూ బలముంది. ఎదిగే వయసులో గంజాయి అలవాటైతే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయి. కొందరిలో మతిస్థిమితం తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. థాయిలాండ్ 2022లో ఆంక్షలు ఎత్తివేసి, 2025లో మళ్లీ బిగించవలసి వచ్చింది.

మరి మన చట్టం ఏమంటోంది? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పూత, కాయ ఉన్న కొనలే గంజాయి. ఉత్త ఆకుతో చేసే భంగు ఆ నిర్వచనంలోకి రాదు. నార కోసం, విత్తనం కోసం సాగుకు అనుమతి ఇచ్చే వీలు కూడా అందులోనే ఉంది. దగ్గర దొరికిన గంజాయి కిలో లోపుంటే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే మాత్రం పదేళ్లకు తక్కువ కాని శిక్ష.

ఇక్కడే మన కష్టం. సరుకు యజమాని ఎక్కడో ఉంటాడు. పట్టుబడేది లారీ డ్రైవరు, క్లీనరు, నాలుగు డబ్బులకు ఆశపడి సంచి మోసిన కుర్రవాడు. నేను చెప్పేదేమంటే, అమ్మకానికి తలుపులు తెరవడానికి తొందరపడవద్దు. కాని తాగేవాడినీ, వ్యాపారినీ ఒకే కాటా మీద తూచవద్దు. ఇందుకు చట్టంలోనే ఒక దారి ఉంది. అలవాటుపడి కొద్ది మొత్తంతో పట్టుబడినవాడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి, దాన్ని పూర్తిచేస్తే, 64ఎ సెక్షన్ కింద విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లు పరువుకు భయపడి బిడ్డను దాచిపెడతాయో!

ధర్మాబాద్‌లోనో, దెగ్లూర్‌లోనో, బిలోలీలోనో ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. సరిహద్దు అవతల చుట్టాలింటికి బయలుదేరిన పిల్లవాడికి ఒక మాట చెప్పి పంపండి: ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన సంచి ముట్టుకోవద్దని. ఒకవేళ అలవాటే అయితే, కొట్టకండి, దాచకండి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. గంజాయి వనంలో తులసి మొక్క అంటాం కదా, ఆ వనాన్ని నరికేటప్పుడు తులసి మొక్క మీద కత్తి పడకుండా చూసుకోవలసింది మనమే.